ప్లాస్మా మీద పీహెచ్‌డీ అంటే అంత భయమెందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తి చేసింది. ఆర్‌ఎఫ్ ప్లాస్మా డిశ్చార్జిల నాన్‌లీనియర్ విద్యుత్ ప్రవర్తన మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఆ పేరు బంధువుల్లో ఎవరికీ అర్థం కావడం లేదు. ఆర్నెల్ల డేటా సైన్స్ కోర్సులో చేర్పిస్తే మేలా? రెండూ పోల్చి చెప్పండి. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది కానీ అమ్మాయి మాట ఎక్కడా లేదు. ఈ టాపిక్ ఎందుకు నచ్చిందని అడిగారా? అడిగి ఉంటే సగం టెన్షన్ అక్కడే తగ్గేది. ఏళ్ల తరబడి చదివి చివరికి ఖాళీగా కూర్చుంటుందేమోనన్నదే కదా మీ అసలు భయం? అలా జరుగుతుందని నేననుకోను.

చిప్పుల తయారీలో సిలికాన్ మీద కంటికి కనబడని గాళ్లు చెక్కేది ఈ ప్లాస్మాయే. వాక్యూమ్ చాంబర్‌లో కొద్దిపాటి వాయువు ఉంచి, ఎక్కువగా 13.56 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ (ఆర్‌ఎఫ్ అంటే ఇదే) దగ్గర పవర్ ఇస్తారు. అప్పుడు ఆ వాయువు కొంత ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా విడిపోతుంది. అదే ప్లాస్మా. ఆ వేగానికి తేలికైన ఎలక్ట్రాన్లు ఊగుతాయి. వాటికన్నా దాదాపు 73 వేల రెట్లు బరువైన ఆర్గాన్ అయాన్లు ఊగలేవు. దాంతో ఎలక్ట్రోడ్ పక్కన ఎలక్ట్రాన్లు బాగా తక్కువగా ఉండే పొర ఏర్పడుతుంది. దాన్ని షీత్ అంటారు. వోల్టేజీ మారినప్పుడల్లా దాని మందం మారుతుంది కనుక అది విలువ నిలకడగా ఉండని కెపాసిటర్‌లా పనిచేస్తుంది. అందుకే శుభ్రమైన సైన్ తరంగం పంపినా కరెంటులో రెట్టింపు, మూడింతల ఫ్రీక్వెన్సీలు, అంటే 27.12, 40.68 మెగాహెర్ట్జ్ హార్మోనిక్స్ కూడా వచ్చి చేరతాయి. పవర్ కాస్త పెంచితే ప్లాస్మా ఇంపిడెన్స్, అంటే మారే కరెంటుకు అది అడ్డుపడే తీరు, మారిపోతుంది. అప్పటిదాకా జనరేటర్‌కు తగ్గట్టు 50 ఓమ్‌లకు కుదిరిన మ్యాచింగ్ చెదిరి, కొంత పవర్ తిరిగి జనరేటర్‌కే వస్తుంది. నాన్‌లీనియర్ ప్రవర్తన అంటే ఇదే. మీ అమ్మాయి చదవబోయేది ఈ తిక్క వేషాల గురించే.

ఇక డేటా సైన్స్. ఆర్నెల్ల కోర్సుల మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఎవరో శుభ్రం చేసి ఇచ్చిన పట్టికల మీద ఒకే రకం ప్రాజెక్టులు చేసినవాళ్లు గుంపులుగా బయటికొస్తున్నారు. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. ప్లాస్మా ల్యాబ్‌లో ఆ ప్రశ్న తప్పించుకోలేరు. వోల్టేజీకీ కరెంటుకూ మధ్య ఫేజ్ తేడా, అంటే ఒకటి రెండోదానికన్నా ఎంత ముందు ఊగుతోందో చెప్పే కోణం, 90 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. 85 ఉన్నచోట కొలిచే ప్రోబ్ 86 అని చూపిస్తే చాలు, లెక్కగట్టిన పవర్ 20 శాతం పడిపోతుంది. ఒక్క డిగ్రీకి ఇంత తేడా! కొలతను అనుమానించడం అలవాటైన అమ్మాయికి పైథాన్ ప్రోగ్రామింగ్ ఎంతసేపు? సిమ్యులేషన్లు, సిగ్నల్ విశ్లేషణ చేస్తూ అదెలాగూ నేర్చుకుంటుంది.

ఉద్యోగాలు లక్షల్లో ఉండవు, అది నిజం. ఉన్నవి చిప్పులను చెక్కే ఎచింగ్ యంత్రాలు, ఆర్‌ఎఫ్ జనరేటర్లు తయారుచేసే కంపెనీల్లో, చిప్ ఫ్యాక్టరీల్లో, పూతల పరిశ్రమలో, ఫ్యూజన్ ల్యాబ్‌ల్లో ఉంటాయి. వాటికోసం ఊరు, ఒక్కోసారి దేశం మారాల్సి రావచ్చు. దానికి ముందు సిద్ధపడాల్సింది మీరే.

మీరు నిజంగా ఆరా తీయాల్సింది గైడ్ గురించి. చాంబర్ నడుస్తోందా? హార్మోనిక్స్ కొలిచే ప్రోబ్ ఉందా? పాత విద్యార్థులు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? చేరకముందే అమ్మాయిని వెళ్లి వాళ్లతో మాట్లాడమనండి. పరికరాలు వచ్చే ఏడాది వస్తాయని చెబితే మాత్రం ఇంకో గైడ్‌ను చూసుకోమనండి.