సమాధానం: పంచశీల స్వదేశీయా, అరువా?

మీ పత్రంలో ఇండోనేషియా పంచశీలను, అంటే ఆ దేశానికి పునాదిగా పెట్టుకున్న అయిదు సూత్రాలను, స్వదేశీ తత్వమనాలా, అరువు సరుకనాలా అని అడిగారు. ఏదో ఒకటే ఎంచుకోనక్కర్లేదండి. (మన 1954 నాటి పంచశీలతో మాత్రం కలపకండి, అది వేరు.) 1945 జూన్ 1న చేసిన ప్రసంగంలో ఈ సూత్రాలను ప్రతిపాదించిన స్వాతంత్ర్య నాయకుడు సుకర్ణో తాను ఎవరెవరి ఆలోచనలకు రుణపడ్డారో బాహాటంగానే చెప్పుకున్నారు. సురబయలో చదువుకునే రోజుల్లో బార్స్ అనే డచ్ సోషలిస్టు జాతీయవాదం వద్దని నూరిపోశాడట. 1918లో చైనా జాతీయవాద నాయకుడు సన్ యట్‌సేన్ రాసిన 'మూడు ప్రజా సూత్రాలు' (జాతీయవాదం, ప్రజాస్వామ్యం, ప్రజల జీవనోపాధి) ఆ ప్రభావాన్ని వదలగొట్టాయట. అదే ప్రసంగంలో అయిదు సూత్రాలను మూడుగా, మూడింటిని ఒకటిగా కుదించి, పల్లె జనం కలిసికట్టుగా పనిచేసుకునే 'గోతోంగ్ రోయోంగ్' దగ్గర ఆగారు. అరువు ఆలోచనలు స్థానిక పల్లె ఆచారంతో కలిసేది ఇక్కడే కాబట్టి, మీ వాదనకు అసలు పట్టు ఇక్కడే దొరుకుతుంది. పోలికకు ఇండోనేషియా విప్లవకారుడు తాన్ మలాకా రాసిన 'మదిలోగ్' (భౌతికవాదం, గతితర్కం, తర్కం) పుస్తకం తీసుకోండి. మార్క్సిజం నుంచే బయల్దేరి, పాత నమ్మకాలతో రాజీపడకుండా నేరుగా తలపడ్డారాయన. సుకర్ణో తర్వాత అధ్యక్షుడైన సుహార్తో హయాంలో పంచశీలపై వచ్చిన వ్యాఖ్యానాలను మాత్రం ఆచితూచి వాడండి, అవి ప్రభుత్వ అవసరాలకు తగ్గట్టు మలచినవి.