టీకా వేసినా పార్వో ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది ఖమ్మం. 45 రోజుల ల్యాబ్రడార్ పిల్లను కొన్నాం. మొదటి టీకా వేసేశామని అమ్మినవాళ్లు కార్డు కూడా ఇచ్చారు. ఇంటికొచ్చిన పన్నెండో రోజున తిండి మానేసింది. వాంతులు, ఆపై నెత్తుటి విరేచనాలు. కుక్కలకు సోకే పార్వో వైరస్ జబ్బు అన్నారు. సెలైన్ పెట్టించినా మూడో రోజు చనిపోయింది. తాను పార్కుకు తీసుకెళ్లడం వల్లే చచ్చిపోయిందని మా బాబు ఏడుస్తున్నాడు. టీకా వేసినా ఎందుకిలా జరిగింది? మరో పిల్లను ఎప్పుడు తెచ్చుకోవచ్చు? ఇంట్లో రెండేళ్ల పిల్లి ఉంది. దానికేమైనా ప్రమాదమా?
– ఓ పాఠకురాలు

సలహా: ముందు మీ బాబును దగ్గర కూర్చోబెట్టుకుని, తప్పు వాడిది కాదని చెప్పండి. పార్వో వైరస్ చెప్పులకు అంటిన మట్టితోనూ ఇంట్లోకి వస్తుంది. పైగా వైరస్ సోకిన 3 నుంచి 7 రోజులకు, ఒక్కోసారి రెండు వారాలకు గానీ లక్షణాలు బయటపడవు. పార్కులో సోకిందో, అమ్మిన చోటే అంటుకుందో ఎవరూ తేల్చి చెప్పలేరు. కుక్కల పార్వో మనుషులకు సోకదు కాబట్టి బాబు గురించి ఆ భయం అక్కర్లేదు.

ఇక టీకా సంగతి. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో తల్లి యాంటీబాడీలు పిల్ల రక్తంలోకి చేరతాయి. తొలి వారాల్లో దాన్ని కాపాడేవి అవే. సుమారు 10 రోజులకోసారి అవి సగానికి సగం తగ్గిపోతుంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. అవి ఎక్కువగా ఉన్నప్పుడు టీకా వేస్తే, టీకాలోని బలహీనపరిచిన వైరస్‌ను కూడా అడ్డుకుంటాయి. పిల్ల ఒంట్లో సొంత రక్షణ తయారవదు. తగ్గుతున్న దశలో పరిస్థితి మరీ కష్టం. టీకాను చెడగొట్టడానికి సరిపడా ఉంటాయి, బయటి వైరస్‌ను ఆపడానికి మాత్రం చాలవు. ఈ గడ్డుకాలం ఒక పిల్లకు ఏడో వారంలో రావచ్చు, అదే ఈతలోని ఇంకో పిల్లకు పన్నెండో వారంలో రావచ్చు. పైకి చూసి చెప్పలేం.

అందుకే 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 3–4 వారాలకోసారి వేస్తూ, చివరి డోసు 16 వారాలు నిండాక పడేలా చూడమంటాం. 'మూడు డోసులూ అయిపోయాయి డాక్టరుగారూ' అంటూ మూడు నెలల పిల్లను తెచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. ఎన్ని డోసులు వేశారన్నది కాదు, చివరిది ఏ వయసులో పడిందన్నదే నేను అడుగుతాను. ఏడాదికి బూస్టర్ కూడా మరవకూడదు. ఈ డోసులకు బదులుగా ఇమ్యూనిటీ సిరప్‌లు పనిచేయవు.

మీరు పంపిన కార్డు ఫొటో చూశాను. తేదీ పక్కన పెన్నుతో పెట్టిన టిక్కు తప్ప అందులో ఏమీ లేదు. వ్యాక్సిన్ సీసా మీది స్టిక్కర్ అంటించి, పక్కన డాక్టరు సంతకం ఉండాలి. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఆ స్టిక్కర్ మీదే ఉంటాయి. ఈ టీకాలను 2–8 డిగ్రీల చల్లదనంలో దాచాలి. ఎండలో సంచిలో తిరిగిన సీసాను నమ్మలేం. అసలు మీ పిల్లకు టీకా వేశారో లేదో కూడా ఈ కార్డును బట్టి చెప్పలేను. ఈసారి స్టిక్కర్ లేని కార్డు ఇస్తే ఆ డోసును లెక్కలోకి తీసుకోకండి.

ఇల్లు శుభ్రం చేయడానికి ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. దాంతో పార్వో వైరస్ చస్తుందన్న భరోసా లేదు, పైగా ఫినాల్ ఉన్న మందులు పిల్లులకు విషం. ముందు సబ్బునీళ్లతో మురికంతా కడిగేయండి. తర్వాత లీటరు నీళ్లకు 35–40 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రావణం కలిపి నేల, గిన్నెలు, గొలుసు తడిపి 10 నిమిషాలు ఆగి కడగండి. ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి. బ్లీచ్‌లో యాసిడ్‌ గానీ టాయిలెట్ క్లీనర్‌ గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. పిల్ల పడుకున్న పరుపు, గుడ్డలు పారేయండి. పెరటి మట్టిని బ్లీచ్‌తో బాగుచేయలేం. నీడపట్టున ఈ వైరస్ నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతుకుతుంది.

అందుకే ఏడాదిలోపు చిన్న పిల్లను తేవద్దని నా సలహా. అంతకాలం ఆగలేమంటే 16 వారాలు దాటి, చివరి డోసు పడి రెండు వారాలైన కుక్కను తెచ్చుకోండి. టీకాలు పూర్తయిన నాటు కుక్కయినా మంచిదే.

మీ పిల్లికి కొంత ప్రమాదం ఉంది. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు తెచ్చే వైరస్ పార్వోకు దగ్గరి చుట్టం. కుక్కల పార్వోలో ఇప్పుడు తిరుగుతున్న రకాలు పిల్లులకూ సోకగలవు. దానికి పిల్లుల త్రీ ఇన్ వన్ టీకా వేయించారా? లేకపోతే ఈ వారమే వేయించండి. తిండి మానేసినా, వాంతులైనా ఇంట్లో ఉన్న మాత్రలు మింగించకండి. ముఖ్యంగా పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

కొత్త కుక్కకు రేబిస్ టీకా పడిందో లేదో కూడా కార్డులో చూడండి. మూడు నెలలు నిండగానే అది వేయించాలి. పార్వో టీకాతోనే అదీ అయిపోయిందనుకోవద్దు. జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా తెలుగు రాష్ట్రాల్లోని పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు. ఆ తేదీ దూరంగా ఉంటే మాత్రం అప్పటిదాకా ఆగకండి.