బి ఫ్లాట్ నుంచి సి ట్యూబాకి మారాలా?

ప్రశ్న: రెండేళ్లుగా బ్యాండ్‌లో బి ఫ్లాట్ ట్యూబా (ఊదే పెద్ద ఇత్తడి వాయిద్యం) వాయిస్తున్నాను. ఈమధ్య ఒక స్నేహితుడి సి ట్యూబా మీద అవే నోట్స్ చూసి వాయిస్తే ప్రతిదీ తప్పే పలికింది. ఆర్కెస్ట్రాకి సి ట్యూబానే కావాలంటున్నారు. మారాలంటే ఫింగరింగ్స్ (ఏ నోట్‌కి ఏ వాల్వ్, అంటే ఏ మీట, నొక్కాలన్నది) అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలా? తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ తప్పుల సంగతి. ట్రంపెట్, క్లారినెట్ వాళ్లకు వాయిద్యం కీ (మూల స్వరం) మారితే కాగితం మీది నోట్సే మార్చి రాసిస్తారు, వేళ్లకు కొత్త పని ఉండదు. మనకు అలా కాదు, బాస్ క్లెఫ్‌లో (కింది స్వరాలు రాసే పద్ధతిలో) ట్యూబాకి ఏ నోట్ రాస్తే అదే పలకాలి, కాబట్టి ట్యూబా మారితే వేళ్లు మార్చుకోవాల్సింది మనమే. (బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్‌లలో మాత్రం ట్రెబుల్ క్లెఫ్‌లో మార్చి రాస్తారు, అక్కడివాళ్లు అదృష్టవంతులు.)

ఇక మారాలా అంటే, మీరు ఎవరితో కలిసి వాయిస్తారన్నదే అసలు విషయం. అమెరికా ఆర్కెస్ట్రాల్లో సి ట్యూబా ఎక్కువ, జర్మనీలో కింది స్వరాలకు బి ఫ్లాట్, పై స్వరాలకు ఎఫ్, బ్రిటన్ ఆర్కెస్ట్రాల్లో ఇ ఫ్లాట్. 1835లో బెర్లిన్‌లో పేటెంట్ పొందిన మొదటి ట్యూబా కూడా ఎఫ్‌లోదే. బి ఫ్లాట్ ట్యూబా గొట్టం సుమారు 18 అడుగులు, ఎఫ్‌ది సుమారు 12, అందుకే ఒకదానికి కింద బరువు, ఇంకోదానికి పైన పట్టు. బ్యాండ్‌లోనే కొనసాగేట్టయితే మారకండి, ఎవరో అన్నారని అసలే వద్దు. ఆర్కెస్ట్రా ఆలోచన గట్టిగా ఉంటే మాత్రం ఇప్పుడే మొదలుపెట్టండి.

ఫింగరింగ్స్ మీరు భయపడుతున్నంత కొత్తవి కావు. మీ ట్యూబా మీద బి ఫ్లాట్ మేజర్ స్కేల్ ఎలా వాయిస్తారు? ఓపెన్ (ఏ వాల్వూ నొక్కకుండా), నాలుగు (నాలుగో వాల్వ్), ఒకటి-రెండు, ఒకటి, ఓపెన్, ఒకటి-రెండు, రెండు, ఓపెన్. సి ట్యూబా మీద సి మేజర్ స్కేల్‌కీ అచ్చం ఇవే వేళ్లు! అంటే దారి వేళ్లకు తెలిసిందే, ఏ గీత మీద నోట్ చూస్తే ఏ వాల్వ్ నొక్కాలన్నదే కళ్లకు కొత్త. అందుకే ప్రతి నోట్‌నీ రెండు సెమీటోన్లు (సెమీటోన్ అంటే పక్కపక్క స్వరాల మధ్య అతి చిన్న దూరం) కిందికి లెక్కేసుకుని పాత ఫింగరింగ్ వేసే చిట్కా జోలికి పోకండి, నెమ్మదిగా ఉన్నంతసేపు నడుస్తుంది గానీ, నాలుగు షార్పులు వరసగా వచ్చాయంటే బుర్ర ఆగిపోతుంది. నేను ఆ చిట్కాతోనే మొదలుపెట్టి, దాన్ని వదిలించుకోవడానికి ఇంకా ఎక్కువ అవస్థ పడ్డాను. నోట్ చూడండి, నోటితో పాడండి, అప్పుడు నొక్కండి. రోజూ ఒక్క స్కేల్, దాని మీద ఒక చిన్న పాట చాలు. కచేరీ దగ్గరపడ్డాక మాత్రం కొత్త ట్యూబా ముట్టుకోవద్దు.

ప్రశ్న: ఒకటి, మూడు కలిపి నొక్కితే వచ్చే నోట్‌కి నాలుగో వాల్వ్ ఎందుకు?

జవాబు: ఒకటోది రెండు సెమీటోన్లు, మూడోది మూడు సెమీటోన్లు దించుతాయి, కానీ దేనికదే విడిగా లెక్క కట్టి పెట్టిన గొట్టాలవి. రెండూ కలిపితే కావలసినంత పొడవు రాక, కాస్త తక్కువై శ్రుతి పైకి పోతుంది. నాలుగోది అయిదు సెమీటోన్లనూ ఒక్కటే సరిగ్గా దించుతుంది. ఒకటి-రెండు-మూడు బదులు కూడా రెండు-నాలుగు వేసి చూడండి, తేడా మీ చెవికే తెలుస్తుంది.