ఇథనాల్ సెన్సార్ రీడింగ్ 0 దగ్గరే ఆగిపోవడం: సమాధానం

మీ సుబారు డబ్ల్యుఆర్‌ఎక్స్‌లో రిటర్న్ లైనుకు (మిగిలిన ఇంధనాన్ని ట్యాంకుకు తిరిగి చేర్చే గొట్టానికి) జీఎం (జనరల్ మోటార్స్) రకం ఇథనాల్ సెన్సార్ బిగించాక, ట్యాంకులో ఈ85 (ఇథనాల్ ఎక్కువ పాళ్లు కలిపిన పెట్రోలు) ఉన్నా ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) 0 శాతమే చూపిస్తోందని రాశారు. సెన్సార్ పాడైందని నిర్ణయించే ముందు సిగ్నల్ వైరును పరిశీలించండి. ఈ సెన్సార్ తనంతట తాను వోల్టేజీ పంపదు. సిగ్నల్ వైరును గ్రౌండుకు కలుపుతూ, విడుస్తూ ఉంటుంది కాబట్టి, ఆ వైరుకు పుల్-అప్ రెసిస్టర్ (సెన్సార్ విడిచినప్పుడు వైరును సరఫరా వోల్టేజీకి చేర్చే నిరోధకం) లేకపోతే ఈసీయూ లెక్కించడానికి పల్సులే ఉండవు. ఈసీయూ సెట్టింగులలో పుల్-అప్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే సిగ్నల్ వైరుకూ 5 వోల్టుల సరఫరాకూ మధ్య 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. నూటికి తొంభై పాళ్లు మీ సమస్య ఇదేనని నా అభిప్రాయం.

తరువాత ఫ్రీక్వెన్సీ కొలిచే మల్టీమీటరుతో చూస్తే ఇథనాల్ లేని పెట్రోలుకు 50, పూర్తి ఇథనాల్‌కు 150 హెర్ట్జ్ రావాలి. అమెరికాలో ఈ85 పేరిట అమ్మే ఇంధనంలో ఇథనాల్ 51 నుంచి 83 శాతం వరకు మారుతుంది గనుక, 101కీ 133 హెర్ట్జ్‌కీ మధ్య ఏది వచ్చినా సెన్సార్‌ను అనుమానించనక్కరలేదు.

ఒక్క విషయం దయచేసి అశ్రద్ధ చేయవద్దు: క్విక్ కనెక్టర్లు (ఇంధన గొట్టాలను సెన్సార్‌కు కలిపే నొక్కుడు అతుకులు) టక్కున పడ్డాక కూడా గట్టిగా లాగి చూసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఫ్యూయల్ పంపును మాత్రమే నడిపి, ప్రతి అతుకు దగ్గరా పొడిగుడ్డతో తుడిచి తడి తగలడం లేదని నిర్ధారించుకోండి.