డాక్టర్ సలహా: రాళ్లు కొట్టే పని.. మందులు వాడినా తగ్గని దగ్గు

ప్రశ్న: నా వయసు 38. ఆరేళ్లు ఇటుక బట్టీలో చేశాను. తర్వాత 12 ఏళ్లుగా క్వారీలో సుత్తితో రాళ్లు కొడుతున్నాను. ఏడాదిన్నరగా పొడి దగ్గు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తోంది. కళ్లె పరీక్షలో ఏమీ లేకపోయినా ఎక్స్‌రేలో మచ్చలున్నాయని 6 నెలలు టీబీ మందులిచ్చారు. మానకుండా వాడినా తగ్గలేదు. నాతోపాటు కంకర కొట్టే నా భార్యకూ ఈమధ్య దగ్గు మొదలైంది. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఎక్స్‌రే తీసిన రోజున ‘ఏం పని చేస్తావు’ అని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? చాలాచోట్ల అడగరు. అది మా డాక్టర్ల పొరపాటే. మీ లక్షణాలకు 12 ఏళ్ల రాతి పని తోడైతే ముందుగా అనుమానించాల్సింది సిలికోసిస్‌ను, అంటే రాతి దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బును.

రాయి పగిలినప్పుడు కంటికి కనిపించే దుమ్ము చాలావరకు ముక్కులోనే ఆగిపోతుంది. అసలు హాని రాతి దుమ్ములో ఉండే, కంటికి ఆనని సిలికా రేణువులది. అవి ఊపిరితిత్తుల లోపలి గాలి గదుల దాకా వెళ్తాయి. వాటిని శరీరం అరిగించుకోలేదు. వాటి చుట్టూ చిన్న చిన్న గట్టి గడ్డలు ఏర్పడి, ఊపిరితిత్తి మెత్తదనం పోతుంది. ఈ మచ్చలు ఎక్కువగా పైభాగంలో వస్తాయి. టీబీ మచ్చలూ అక్కడే వస్తాయి కాబట్టి ఒకదాన్ని చూసి మరొకటి అనుకోవడం జరుగుతుంటుంది. సిలికోసిస్ సాధారణంగా ఆ దుమ్ములో పదేళ్లు దాటాక బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే ఇంకా ముందే రావచ్చు. ఇటుక పనిలో తడి మట్టితో అచ్చు పోసేటప్పుడు దుమ్ము తక్కువే. కాల్చిన ఇటుకలు బట్టీ నుంచి దించేటప్పుడు, బూడిద ఊడ్చేటప్పుడు మాత్రం బాగా లోపలికి పోతుంది.

అలాగని టీబీ లేదని అనుకోకండి. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే ముప్పు మామూలువాళ్లకంటే చాలా ఎక్కువ. రెండూ కలిసి కూడా ఉండొచ్చు. అందుకే ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్లి కళ్లె పరీక్ష మళ్లీ చేయించుకోండి. కొత్త ఎక్స్‌రే, ఊదించి చూసే స్పైరోమెట్రీ కూడా అవసరం. పాత ఎక్స్‌రేలు పారేయకుండా తీసుకెళ్లండి. ఏ పని ఎన్నేళ్లు చేశారో కాగితం మీద రాసి డాక్టర్‌కు ఇవ్వండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇది సిలికోసిస్ అయితే, పడిన మచ్చలను పోగొట్టే మందు లేదు. ఆయాసం తగ్గించడానికి ఇన్‌హేలర్లు, అవసరమైతే ఆక్సిజన్, శ్వాస వ్యాయామాలు ఉన్నాయి. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోండి. బీడీ, సిగరెట్ అలవాటుంటే పూర్తిగా మానాలి. మీరు ఆ దుమ్ములోకి మళ్లీ వెళ్లకూడదు. మానేయమని చెప్పడం నాకు తేలిక, ఇల్లు గడవాల్సింది మీకు. అయినా ఊపిరి మిగలాలంటే వేరే దారి లేదు. పని మానినా జబ్బు కొంత ముదరొచ్చు కాబట్టి పరీక్షలు ఆపొద్దు.

మీ భార్యకు ఇంకా సమయం ఉంది. ఆమెను కూడా ఇప్పుడే చూపించండి. వేరే పని దొరికేదాకా రాయిని తడిపి కొట్టమనండి. నీళ్లు దుమ్మును అంతగా లేవనివ్వవు. మూతికి కట్టుకునే తువ్వాలు, చీర కొంగు సన్నటి రేణువులను ఆపవు. ముఖానికి బిగుతుగా అతుక్కునే ఎన్95 మాస్క్ కావాలి. పని బట్టలు ఇంట్లో దులపొద్దు, విడిగా ఉతకండి. పిల్లలుంటే రాళ్లు కొట్టేచోట కూర్చోబెట్టకండి.

కళ్లెలో రక్తం పడినా, సాయంత్రాలు జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, పెదవులు నీలంగా మారినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.