ఏడో ఆట పోయిన తర్వాత: అల్లుడికి మామయ్య రాసిన ఉత్తరం

బెల్వ్యూ,
నవంబరు చివరి వారం, 2025

చిరంజీవి అల్లుడికి,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "పిల్లాడు నెల రోజులుగా దిగాలుగా ఉంటున్నాడురా. ఎవరో జార్జ్ అట, ఆ పేరెత్తితే చాలు మాట మార్చేస్తున్నాడు. ఆఫీసులో ఏమైనా గొడవా?" అని అడిగింది. జార్జ్ అంటే మీ మేనేజర్ అనుకుంది పాపం. టొరాంటో బేస్‌బాల్ జట్టులో జార్జ్ స్ప్రింగర్ అని ఒక ఆటగాడున్నాడు, వాడు కొట్టిన బంతి స్టాండ్స్‌లో పడి మన సియాటిల్ మారినర్స్ ఓడిపోయింది, దానికి మీవాడికి అన్నం సహించడం లేదు అని చెబితే అక్కయ్య నన్ను కూడా కలిపి తిడుతుంది. నిన్ను ఈ ఆటలోకి లాగింది నేనే కదా. "పని ఎక్కువైందిలే అక్కా, నేను మాట్లాడతాను" అని సర్దిచెప్పాను. ఫోన్లో అయితే నువ్వు మళ్లీ నన్ను ఆ ఏడో ఇన్నింగ్స్ దగ్గరికే ఈడ్చుకెళ్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

"ఆటే కదా, దీనికింత బాధేంటి" అనేవాళ్లతో వాదన పెట్టుకోకు. వాళ్లు చూసేది చివరి మూడు గంటలు. నువ్వు మార్చి నెలాఖరు నుంచి చూస్తున్నావు. 162 ఆటలు, వారంలో ఆరు రోజులు, వంట చేస్తూనో, పాపకు హోంవర్క్ చేయిస్తూనో, కారులో రేడియో పెట్టుకునో. మన క్రికెట్‌లో ప్రపంచ కప్ నాలుగేళ్లకోసారి వస్తుంది, పోతుంది. బేస్‌బాల్ అలా కాదు, ఇంట్లో మనిషిలా రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటుంది. ఆ మనిషి అక్టోబరు 20 రాత్రి చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. నీ బాధలో సగం ఓటమిదైతే, మిగతా సగం ఆ ఖాళీ సాయంత్రాలది. ఈ రెండింటికీ మందు వేరు.

ఖాళీ సంగతి సులభం. సాయంత్రం 6:40కి నీ చెయ్యి దానంతటదే రిమోట్ వైపు వెళ్తుంది, ఎందుకంటే మన ఊళ్లో ఆట మొదలయ్యే వేళ అది. ఆ వేళకి ఏదో ఒక పని పెట్టుకో. బాథెల్‌లో మీ ఇంటి దగ్గర బాడ్మింటన్ కోర్టుకి వెళ్లు, లేదా పాపని ఈతకి తీసుకెళ్లు. ఏదైనా సరే, ఫోన్ మాత్రం పట్టుకోకు. పట్టుకుంటే అది నీకు అదే వీడియో మళ్లీ చూపిస్తుంది. ఆ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) వీడియో ఇప్పటికి ఎన్నిసార్లు చూశావో నేను అడగను. ఇక చూడకు. అందులో నీకు తెలియనిది ఏమీ మిగల్లేదు.

ఓటమి సంగతే కొంచెం కష్టం. నువ్వు ఎక్కడ ఇరుక్కున్నావో నాకు తెలుసు. టొరాంటోతో ఏడు ఆటల పోటీలో ఆఖరి ఆట, 3-1 పరుగులతో మనం ముందున్నాం. ఏడో ఇన్నింగ్స్‌లో మన పిచర్ (బంతి వేసేవాడు) బ్రయాన్ వూ ఒకడికి వాక్ ఇచ్చాడు, అంటే చెడ్డ బంతులు వేసి ఊరికే మొదటి బేస్ దక్కనిచ్చాడు, ఇంకొకడు సింగిల్ కొట్టాడు, మూడోవాడు బంట్ చేసి, అంటే బంతిని మెల్లగా తట్టి, ఇద్దరినీ ముందుకు జరిపాడు. ఇంకా ఎనిమిది ఔట్లు తీస్తే వరల్డ్ సిరీస్, అంటే కప్పు తేల్చే ఆఖరి పోటీ. అప్పుడు మన మేనేజర్ డాన్ విల్సన్, ఆట ముగించడానికి దింపే పిచర్ మునోజ్‌ని కాకుండా బజార్డోని పిలిచాడు. రెండో బంతికే స్ప్రింగర్ ఎడమవైపు స్టాండ్స్‌లోకి పంపాడు. 4-3. ఆ తర్వాత మనవాళ్లు మళ్లీ పరుగు తీయలేదు.

దీని గురించి వాదించడం తప్పు కాదు, కానీ ఒక్కసారి పూర్తిగా వాదించి వదిలెయ్. ఆటలో అత్యంత ప్రమాదకరమైన క్షణం ఏడో ఇన్నింగ్స్‌లో వస్తే, తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం మంచి పిచర్‌ని దాచుకోవడంలో అర్థం లేదు అనేది ఒక వాదన. బజార్డో బంతి కిందికి వంగుతుంది, నేల మీద కొట్టించడానికి అతనే సరైనవాడు, ఏడాదంతా ఇలాంటి చోట్ల అతన్నే నమ్మారు అనేది రెండో వాదన. రెండింట్లోనూ పస ఉంది. నన్నడిగితే మునోజ్‌నే దింపాలి. చెప్పేశాను, ఇక దీని గురించి నాతో మాట్లాడకు. మునోజ్ వచ్చి అతనూ హోమ్ రన్ ఇచ్చి ఉంటే, "అలవాటు లేని ఇన్నింగ్స్‌లో ఎందుకు దించారు" అని ఇదే నెల రోజులు ఇదే గొడవ నువ్వే చేసేవాడివి.

బజార్డో మీద మాత్రం ఒక్క మాట కూడా జారకు. పది రోజుల ముందు డెట్రాయిట్‌తో 15 ఇన్నింగ్స్ సాగిన ఆటలో పరుగు ఇవ్వకుండా నిలబెట్టినవాళ్లలో అతనూ ఒకడు. ఆ రోజు అతను తడబడి ఉంటే అసలు టొరాంటో దాకా వెళ్లేవాళ్లమే కాదు. 1986లో బోస్టన్‌కి ఇలాగే జరిగింది. వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి బంతి వెళ్లిపోయింది, ఊరు ఊరంతా అతని మీద పడింది. బంతి అతని దగ్గరికి వచ్చేసరికే స్కోరు సమమైపోయిందనీ, ఆ తర్వాత ఇంకో ఆట మిగిలే ఉందనీ, అందులోనూ బోస్టన్ మొదట 3-0తో ముందుండి ఓడిందనీ ఎవరికీ గుర్తులేదు. 2008లో అతన్ని బోస్టన్ స్టేడియం ఫెన్‌వేకి పిలిచి, తొలి బంతి వేయించి, జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పటికి ఇరవై ఏళ్లు దాటిపోయాయి. ఈ ఏడాది మే నెలలో హ్యూస్టన్ పిచర్ లాన్స్ మెకల్లర్స్‌కి పిల్లల్ని చంపుతామని బెదిరింపులు వచ్చాయి. తీరా చూస్తే ఎక్కడో వేరే దేశంలో పందెం కాసి డబ్బు పోగొట్టుకున్నవాడు పంపినవి. నువ్వు అలాంటివాడివి కావని నాకు తెలుసు. కానీ కోపంలో టైప్ చేసిన నాలుగు మాటలు అవతలివాడికి చేరేటప్పుడు, అవి ఎలాంటివాడి దగ్గర నుంచి వచ్చాయో ఎవరు చూస్తారు?

పందెం మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నువ్వు డబ్బేమీ పెట్టలేదు కదా? పెట్టి ఉంటే నాకు చెప్పు, మీ అమ్మకి చెప్పను. పెట్టి ఉంటే అది బాధ కాదు, అప్పు. దానికి ఈ ఉత్తరం పనికిరాదు, వేరే మాట్లాడుకోవాలి.

ఇంకో సంగతి నీకు నచ్చకపోయినా చెప్పాలి. ఐదో ఆటలో వూ వేసిన బంతి స్ప్రింగర్ మోకాలికి తగిలి, అతను కుంటుతూ వెళ్తుంటే మన స్టాండ్స్‌లో కొందరు ఎగతాళి చేశారు. అదే మనిషి ఆ మోకాలితోనే వచ్చి మనల్ని ఓడించి ఇంటికి పంపించాడు. మన ఇళ్లలో దీన్ని ఏమంటారో నీకు చెప్పక్కర్లేదు. నేను కర్మ అనను, ఎందుకంటే ఎగతాళి చేసినవాళ్లు కొందరైతే ఏడ్చింది ఊరంతా. కానీ స్ప్రింగర్‌ని తిట్టబోయేటప్పుడు ఇది కాస్త గుర్తు చేసుకో. నొప్పితో ఆడి గెలిపించాడు. మనవాడే అయితే వాడి బొమ్మ గోడకి పెట్టుకునేవాళ్లం.

ఆ సాయంత్రం మీ ఇంట్లో ఏం జరిగిందో అమ్మాయి మీ అత్తయ్యతో చెప్పిందట. దీపావళి పూట. దీపాలు పెట్టే వేళకే ఆట ముదిరింది. అమ్మాయీ పాపా గుమ్మంలో ప్రమిదలు పెట్టి నిన్ను పిలిస్తే రాలేదట, ఆట అయిపోయాక గరాజ్‌లో కారులో కూర్చున్నావట. నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే, ఈ బాధ మన ఇళ్లలో చాలా ఒంటరిది. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో, వరసగా పది ఆటలు గెలిచిన భారత జట్టు ఫైనల్లో ఓడిపోతే, ఇక్కడా అక్కడా మనవాళ్లంతా కలిసి కుమిలిపోయారు. మీ అమ్మ కూడా ఆ రాత్రి వంట చేయలేదు. ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని లేకపోయింది. ఇప్పుడు నువ్వు ఏడిస్తే ఊళ్లో వాళ్లకి ఇన్నింగ్స్ అంటే ఏమిటో దగ్గర నుంచి మొదలుపెట్టాలి. అందుకని మాట లోపలే పెట్టుకుంటావు, లోపల పెట్టుకున్నది చిరాకుగా బయటికి వస్తుంది, అది అమ్మాయి మీద పడుతుంది.

కాబట్టి ఇంట్లో తిన్నగా చెప్పు. "నాకు దిగులుగా ఉంది, దీనికి నువ్వు చేయగలిగింది ఏమీ లేదు, ఇవాళ ఒక్క రాత్రి నన్ను వదిలెయ్" అంటే అర్థం చేసుకోని మనిషి కాదు ఆమె. చెప్పకుండా మూతి ముడుచుకుంటే మాత్రం తన వల్లే ఏదో జరిగిందనుకుంటుంది. ఆట గురించి మాట్లాడాలనిపిస్తే ఆఫీసులో మాట్లాడు. మీ టీమ్‌లో 1995 నుంచి చూస్తున్నవాళ్లు తప్పకుండా ఒకరైనా ఉంటారు. లంచ్ దగ్గర కదిలించి చూడు, నీకంటే వాళ్లకే ఎక్కువ మాట్లాడాలని ఉంటుంది.

పాప ఆ రోజు తెల్ల చొక్కా వేసుకుందనీ, మామూలుగా వేసుకునే నీలం చొక్కా ఉతుకులో ఉందనీ, అందుకే ఓడిపోయామనీ ఏడ్చిందట. నువ్వు నవ్వుకుని ఊరుకున్నావట. ఊరుకోకు. తన చొక్కాకీ ఆటకీ సంబంధం లేదని స్పష్టంగా చెప్పు. పెద్దవాళ్లే సెప్టెంబరులో ఆన్‌లైన్‌లో ఒక మంత్రగత్తెకి డబ్బు కట్టి మంత్రం వేయించారు, ఆ తర్వాత వరసగా గెలిచేసరికి సగం ఊరు నమ్మేసింది. అది సరదా. చిన్నపిల్ల తన వల్ల ఓడిపోయామని పడుకోవడం మాత్రం సరదా కాదు.

ఇక చరిత్ర. "ఇన్నేళ్లు చూశావు, నీకెలా అలవాటైంది మామయ్యా" అని అడిగావు ఓసారి. అలవాటు కాలేదు. 2001లో 116 ఆటలు గెలిచారు మనవాళ్లు. 1906 నాటి షికాగో కబ్స్ రికార్డుతో సమానం. ఆ అక్టోబరులో యాంకీస్‌తో నాలుగో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బ్రెట్ బూన్ హోమ్ రన్‌తో 1-0 ఆధిక్యం. అదే ఇన్నింగ్స్‌లో బెర్నీ విలియమ్స్ సమం చేశాడు, తొమ్మిదిలో సొరియానో ముగించాడు. మర్నాడు సిరీసే పోయింది. మళ్లీ వచ్చే ఏడు చూసుకుందాం అనుకున్నాం. ఆ "వచ్చే ఏడు" 2022లో వచ్చింది, అదీ ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) చేరడానికే. మధ్యలో ఫెలిక్స్ హెర్నాండెజ్ అనేవాడు 15 సీజన్లు మన కోసమే బంతి వేశాడు, 2012లో పర్ఫెక్ట్ గేమ్ వేశాడు, అంటే అవతలివాళ్లలో ఒక్కడినీ బేస్ చేరనివ్వలేదు, ప్లేఆఫ్స్‌లో ఒక్క బంతి వేసే అవకాశం రాకుండానే వెళ్లిపోయాడు. మన పాత మేటి ఆటగాళ్లు గ్రిఫీ, ఎడ్గార్, ఇచిరో ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు, ముగ్గురిలో ఎవరూ వరల్డ్ సిరీస్ ఆడలేదు. 30 జట్లలో ఇప్పటిదాకా వరల్డ్ సిరీస్ గడప తొక్కనిది మనదొక్కటే.

ఇదంతా చెప్పింది నిన్ను భయపెట్టడానికి కాదు. వచ్చే ఏడు తప్పకుండా గెలుస్తాం అని నీకు మాట ఇచ్చేవాళ్లని నమ్మవద్దని చెప్పడానికి. అహ్మదాబాద్ తర్వాత ఏడు నెలలకే బార్బడోస్‌లో కప్పు వచ్చి ఆ మంట చల్లారింది. ఇక్కడ అలా రాకపోవచ్చు. ఆ ఆశతో బాధని వాయిదా వేస్తే అది వడ్డీతో తిరిగి వస్తుంది. ఇప్పుడే పడి వదిలించుకో.

టొరాంటో ఓడితే మనసు కుదుటపడుతుందనుకున్నావు. నవంబరు 1న వాళ్లూ ఏడో ఆటలో, వాళ్ల సొంత ఊళ్లోనే, డాడ్జర్స్ చేతిలో 11 ఇన్నింగ్స్‌లో 5-4తో పోయారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో రెండు ఔట్లు తీస్తే కప్పు వాళ్లదే, అప్పుడు మిగెల్ రోహాస్ హోమ్ రన్ కొట్టి సమం చేశాడు. ఆ రాత్రి నాకు మెసేజ్ పెట్టావు, నవ్వుతున్న బొమ్మలతో. మర్నాడు నీ దిగులు ఏమైనా తగ్గిందా? మీ అమ్మ ఫోన్ చేసింది ఆ తర్వాతే కదా.

నిజంగా బాధపడాల్సింది ఒకటుంది, దాని గురించి నువ్వు ఒక్కసారీ మాట్లాడలేదు. ఈ జట్టు మళ్లీ ఇలాగే ఉండదు. నేలర్ ఐదేళ్లకి సంతకం పెట్టాడు, సంతోషం. పొలాంకో, సువారెజ్ ఫ్రీ ఏజెంట్లు, అంటే ఒప్పందం అయిపోయినవాళ్లు, ఎటు పోతారో చూడాలి. క్యాచర్‌గా (మన వికెట్ కీపర్ లాంటివాడు) ఉంటూ 60 హోమ్ రన్లు కొట్టిన కాల్ రాలీ మళ్లీ అలాంటి ఏడాది ఆడతాడని ఎవరూ చెప్పలేరు, అతనికి ముందు ఏ క్యాచరూ 48 దాటలేదు. టొరాంటోతో ఐదో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మొదట రాలీ సమం చేయడం, ఆ వెంటనే సువారెజ్ గ్రాండ్ స్లామ్, అంటే ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు, కొట్టడం, ఆ పది నిమిషాలు నీకు ఇప్పుడు సరిగా గుర్తున్నాయా? స్ప్రింగర్ బంతి వాటి మీద కూర్చుంది. దాన్ని అక్కడి నుంచి లేపాలి.

దానికి ఒక పని చెప్తాను. డెట్రాయిట్‌తో ఆడిన ఆ 15 ఇన్నింగ్స్ ఆట రికార్డింగ్ నా దగ్గరుంది. నువ్వూ పాపా ఆ రోజు స్టేడియంలోనే ఉన్నారు. చేప వేషాల పరుగు పందెంలో అంతవరకు ఒక్కసారీ గెలవని హంపీ ఆ రోజు గెలిచిందని పాప నాకు మూడుసార్లు చెప్పింది, ఆట సంగతి నాలుగోసారి చెప్పింది. అక్కడున్నవాడికి ఆట సగమే కనిపిస్తుంది, టీవీలో నువ్వు దాన్ని చూడలేదు. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ముగ్గురూ రండి. ఐదు గంటల ఆట, హైలైట్స్ కాదు, మొదటి బంతి నుంచి పొలాంకో కొట్టేదాకా మొత్తం చూద్దాం. బజార్డో బంతి వేసే ఇన్నింగ్స్‌లు వచ్చినప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లకూడదు, అదొక్కటే నా షరతు. మీ అత్తయ్య గుత్తి వంకాయ చేస్తానంది. పొద్దున పదింటికల్లా వస్తే చీకటి పడకముందే అయిపోతుంది. అమ్మాయికి మధ్యలో విసుగొస్తే పై గదిలో పడుకోవచ్చు. వచ్చేటప్పుడు కరివేపాకు తీసుకురా, ఇక్కడి కొట్లో అయిపోయింది.

ఆశీస్సులతో,
మీ మామయ్య