జేబు ప్లేయర్‌కు విడిగా హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ అవసరమా?

మీ చిన్న ప్లేయర్‌కు 300 ఓముల (ఓము అంటే కరెంటును అడ్డుకునే గుణానికి కొలత) హెడ్‌ఫోన్ తగిలిస్తే శబ్దం చాలడం లేదన్నారు. విడిగా యాంప్లిఫయర్ కొంటే స్పష్టత కూడా పెరుగుతుందా అని అడిగారు. శబ్దం తప్పక పెరుగుతుంది. స్పష్టత మాత్రం ప్లేయర్‌లోని ఏ జాక్ నుంచి మీరు సిగ్నల్ తీసుకుంటున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. విజయనగరంలో ఇంటి దగ్గరా, విశాఖ వెళ్లే రైల్లోనూ కొన్నేళ్లుగా ఇలాంటి ప్లేయర్, యాంప్లిఫయర్ జోడీని వాడుతున్న అనుభవంతో చెబుతున్నాను.

వోల్టేజీని దానితోనే హెచ్చించి ఓములతో భాగిస్తే హెడ్‌ఫోన్‌కు చేరే శక్తి తెలుస్తుంది. 1 వోల్టు వద్ద 32 ఓముల ఇయర్‌ఫోన్‌కు దాదాపు 31 మిల్లీవాట్లు అందితే, సెన్‌హైజర్ హెచ్‌డి 600 వంటి 300 ఓముల హెడ్‌ఫోన్‌కు అందేది 3.3 మిల్లీవాట్లే. చిన్న బ్యాటరీతో నడిచే ప్లేయర్ వోల్టేజీని ఒక హద్దుకు మించి పెంచలేదు కనుక, ఆ లోటును యాంప్లిఫయరే పూడ్చాలి. అయితే ఓములొక్కటే చూసి నిర్ణయించకండి. ప్లానార్ రకం (పలుచని చదునైన పొర కంపించే) హెడ్‌ఫోన్లలో కొన్ని, ఓములు తక్కువే అయినా సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి పుట్టే శబ్దం) కూడా తక్కువ కావడం వల్ల, ఎక్కువ కరెంటు కోరతాయి.

ఇక అసలు సంగతి. హెడ్‌ఫోన్ జాక్ నుంచి వచ్చే సిగ్నల్ అప్పటికే ప్లేయర్ సొంత యాంప్లిఫయర్ గుండా వచ్చినది. దానిని మళ్లీ పెంచితే, అందులో చేరిన బుసబుస కూడా పాటతో పాటే పెరుగుతుంది. లైన్ అవుట్, అంటే బయటి యాంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చే దారి, ఆ దశను తప్పిస్తుంది. పాత ఐపాడ్‌లలో అడుగున ఉండే 30 పిన్నుల కనెక్టర్‌లోనే అది లభించేది. ఇప్పటి ప్లేయర్లు చాలావాటిలో ఒకే జాక్‌ను సెట్టింగుల్లో లైన్ అవుట్‌గా మార్చుకోవాలి. అలా మార్చి ఉన్నప్పుడు ఇయర్‌ఫోన్ నేరుగా గుచ్చితే మాత్రం పూర్తి స్థాయి శబ్దం ఒక్కసారిగా చెవిలో పడుతుంది, జాగ్రత్త.

మా ఊరి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్‌ను పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి ఎక్కించిన ఫైళ్లలో వింటుంటాను. లైన్ అవుట్ ద్వారా విన్నప్పుడు కమాను తీగ మీద తిరిగే చోటు విడిగా తెలుస్తుంది. రికార్డు గీతల చిటపటలు కూడా అంతే నిక్కచ్చిగా వినిపిస్తాయనుకోండి. యాంప్లిఫయర్ రికార్డింగును బాగుచేయదు.

చెవిలో దూరే సున్నితమైన ఇయర్‌ఫోన్లకు ఈ ఖర్చు దండగ. గెయిన్ (యాంప్లిఫయర్ సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) ఎక్కువగా ఉంటే వాల్యూమ్ గుండీని కాస్త కదపగానే శబ్దం చాలైపోతుంది; ఆ మొదటి మలుపులోనే చాలా గుండీలు కుడి ఎడమలను సమానంగా ఇవ్వవు. కచేరీ మొదట్లో తంబురా ఒక్కటే మోగుతున్నప్పుడు అది ఒక చెవి వైపు ఒరిగినట్టు ఇట్టే పట్టుబడుతుంది. రైల్లోనైతే, కిటికీలు తెరిచిన పెట్టెలో ఈ తేడాలేవీ చెవికి ఆనవు. పైగా రబ్బరు బ్యాండుతో కట్టిన జంట పక్కనే ఫోన్ ఉంటే గరగరలు కూడా వస్తాయి. అందుకే ప్రయాణంలో యాంప్లిఫయర్‌ను ఇంట్లోనే వదిలేస్తాను.

మీ హెడ్‌ఫోన్‌కు మాత్రం కొనడం సబబే. అదే యాంప్లిఫయర్‌ను 16 ఓముల ఇయర్‌ఫోన్లకు కూడా వాడే ఉద్దేశం ఉంటే, గెయిన్ తగ్గించే స్విచ్ ఉన్నదీ, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (యాంప్లిఫయర్ అవుట్‌పుట్ వైపు ఉండే దాని సొంత నిరోధం) 2 ఓములకు మించనిదీ చూసి తీసుకోండి.